కాలేయ మార్పిడి తర్వాత మన ఊళ్లో చూసేదెవరు?

మన దేశంలో 2013లో జరిగిన అవయవ మార్పిడులు 5 వేల లోపే. 2023లో అవి 18 వేలు దాటాయి. ఆ ఏడాదే, పేరు నమోదుకు ఆ రాష్ట్రవాసి అయి ఉండాలన్న నిబంధనను కేంద్రం తీసేసింది. సరిహద్దులో ఉన్న మన రాయల్పాడు వాళ్లకు ఇది మేలే. అయితే ఆపరేషన్ అయి ఇంటికొచ్చాక సంగతేమిటో ఎవరూ అంతగా మాట్లాడడం లేదు.

కొత్త కాలేయాన్ని శరీరం పరాయిదనుకుని దాడి చేయకుండా టాక్రోలిమస్ వంటి మందులు సాధారణంగా జీవితాంతం వాడాలి. ఏళ్లు గడిచేకొద్దీ ఆ మందులే మూత్రపిండాలను దెబ్బతీయవచ్చు. బీపీ, షుగర్ రావచ్చు. అంటురోగాలు, కొన్ని రకాల క్యాన్సర్ల ముప్పు పెరుగుతుంది. 2003లో అమెరికాలో వెలువడిన పెద్ద అధ్యయనంలో, కాలేయం మార్పించుకున్నవారిలో అయిదేళ్లలో దాదాపు 18 శాతం మందికి మూత్రపిండాలు తీవ్రంగా దెబ్బతిన్నట్టు తేలింది. అలాగని భయపడి మందు మానేస్తే కొత్త కాలేయానికే మోసం.

అందుకే రక్తంలో మందు ఎంతుందో అప్పుడప్పుడు పరీక్షిస్తారు. ఆ రక్తం ఉదయం మాత్ర వేసుకోకముందే ఇవ్వాలి. రాయల్పాడులో తెల్లవారుజామునే మాత్ర మింగి బెంగళూరు బస్సెక్కితే లెక్క తప్పుతుంది. ఈ మాట ఆసుపత్రి కాగితంలో ఉండవచ్చు. కానీ కాగితం ఇంగ్లీషులో ఉంటుంది, నర్సు కన్నడంలో చెబుతుంది, ఇంట్లో మాత్రలు అందించే అమ్మకు వచ్చింది తెలుగు.

మరికొన్ని జాగ్రత్తలూ ఉన్నాయి. ఒళ్లునొప్పులకని అంగట్లో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్ మూత్రపిండాలకు చేటు. పంపర పనస తింటే రక్తంలో మందు మోతాదు పెరగవచ్చు. కరోనా రోజుల్లో అలవాటైన తిప్పతీగ కషాయం వీళ్లు తాగకూడదు. ఏ మందైనా కాలేయ వైద్యుణ్ణి అడిగాకే వాడాలి.

మా సంఘం కోరేది పెద్దదేమీ కాదు. మందు పరీక్షకు బెంగళూరు పోక తప్పకపోవచ్చు. బీపీ, షుగర్, క్రియాటినిన్ మాత్రం శ్రీనివాసపురం తాలూకా ఆసుపత్రిలోనే క్రమం తప్పకుండా చూసి, తేదీలతో ఒక పుస్తకంలో రాసివ్వాలి. ఇంటికి పంపేటప్పుడు ఒక్క పుట తెలుగులో ఇవ్వాలి. ఈ రెండింటికీ అర్జీ మేమే రాస్తాం, ఆ పని మాకు కొత్త కాదు. మీ ఇంట్లో ఇలాంటి రోగి ఉంటే సంఘానికి కబురు పెట్టండి. ఆపరేషన్‌కు చందాలు వేసుకునే ఊరు, ఆ తర్వాతి పరీక్షలకూ తోడుండాలి.