చెరువు లేని సామ్రాజ్యం
ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 అనే కంప్యూటర్ ఆటలో ఒకప్పుడు మన దేశమంతటికీ ‘ఇండియన్స్’ అని ఒకటే నాగరికత. 2022లో దాని స్థానంలో హిందుస్తానీలు, బెంగాలీలు, గుర్జరులు, ద్రవిడులు వచ్చారు. మంచి పనే. అయితే ద్రవిడుల కథ రాజేంద్ర చోళుడిది, బలం కాల్బలానిది, ఓడలది. కాకతీయుల పేరు కూడా చేర్చమని నేను పేచీ పెట్టను. ఆడే తీరు మారనప్పుడు పేర్లు పెరిగితే ఒరిగేదేమీ లేదు. కాకతీయుల కాలంలో వాగులకు అడ్డంగా కట్టలు పోసి, వాన నీటిని నిలిపి, మెట్టను మాగాణి చేశారు. పాఖాల, రామప్ప చెరువుల కింద ఇప్పటికీ వరి పండుతోంది. చెరువు నిండితే గాదెలు నిండే, కట్ట తెగితే సైన్యం పస్తుండే రాజ్యాన్ని ఆడించే అవకాశం ఆ ఆటలో లేదు. ఆటలు తయారుచేసేవాళ్లు ఒక నాగరికతను ఎంచుకునే ముందు, అది ఎవరిని గెలిచిందో కాదు, తిండి ఎలా పండించిందో చూడాలి.