పటంలో చుక్క లేకపోతే అడవిలో జీవి లేనట్టేనా?

ఏ జంతువు, ఏ చెట్టు ఎక్కడ బతకగలదో లెక్కగట్టి పటం గీసే కంప్యూటరు సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. వాటిలో బాగా పేరున్నది మ్యాక్సెంట్. అమెరికాలో పనిచేసే ఫిలిప్స్, ఆండర్సన్, షపైర్ అనే ముగ్గురు 2006లో ఈ పద్ధతిని వివరించారు. దీనికి డబ్బు కట్టక్కర్లేదు. ఇదేదో పెద్ద చదువుల సంగతి, మనకెందుకు అనుకోకండి. అది గీసే పటంలో మన కొండలూ ఉంటాయి.

అది చేసే పని ఇదీ. ఒక జీవి కనపడిన చోట్లు చుక్కలుగా ఇవ్వాలి. ఆ ప్రాంతపు వాన, ఎండ, ఎత్తు గళ్ళు గళ్ళుగా ఇవ్వాలి. చుక్కలున్న గళ్ళను మిగతా గళ్ళతో పోల్చి, పరీక్ష పేపరు దిద్దినట్టు ఒక్కో గడికి 0 నుంచి 1 దాకా మార్కు వేస్తుంది. ఎక్కువ మార్కు ఎరుపు, తక్కువ మార్కు నీలం. ఎర్రగా ఉంటే ఆ జీవి అక్కడ ఉన్నట్టు కాదు, అక్కడ బతకడానికి వీలుందని మాత్రమే. నీలంగా ఉంటే లేదని తేల్చినట్టూ కాదు.

ఇక్కడే నా మాట. కంప్యూటరు అడవిని చూళ్ళేదు. చూసినోళ్ళు రాసిచ్చిందే దానికి తెలుసు. రాసేవాళ్ళు ఎక్కువగా రోడ్డు ఉన్న చోటికే పోతారు. వాగు దాటి రెండు కొండలెక్కితే వచ్చే గూడేనికి పోయి రాసేదెవరు? ఎవరూ రాయని చోట చుక్క పడదు. చుక్కలు రోడ్ల పక్కనే ఉంటే పటం కూడా అటే మొగ్గుతుంది.

కలివి కోడి సంగతి చూడండి. 1900 తర్వాత ఆ పక్షి శాస్త్రవేత్తలకు కనపడలేదు. అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర మళ్ళీ దొరికింది. దాన్ని పట్టింది శాస్త్రవేత్త కాదు, అక్కడి వేటగాడు, రాత్రిపూట టార్చిలైటు వెలుగులో. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళు ఊళ్ళవాళ్ళని అడగబట్టే ఆ సంగతి బయటపడింది. పేరు చూడండి, కలివి పొద అందులోనే ఉంది. పేరే దాని చిరునామా.

అలాగని శాస్త్రం అక్కర్లేదని నేననను. తర్వాత ఆ సొసైటీ వాళ్ళు, ఇంగ్లండు శాస్త్రవేత్తలు కలిసి పొదల మధ్య మెత్తటి మన్ను పట్టీలుగా పరిచి, రాత్రి పడిన అడుగుజాడలు చూశారు. 2 మీటర్లకన్నా ఎత్తున్న పొదలు హెక్టారుకు 300 నుంచి 700 దాకా ఉన్నచోట ఆ జాడలు ఎక్కువని 2004లో ప్రకటించారు. పొద మరీ దట్టమైనా రాదు, మరీ బోడిగా ఉన్నా రాదు. కాబట్టి పశువుల మేపు, కట్టెలు కొట్టడం ఎంతవరకన్నది జాగ్రత్తగా చూసుకోవాలన్నారు. ఇలాంటి లెక్క పేరు ఒక్కటే చెప్పలేదు. కానీ అడుగుజాడ చదవడం మన తాతలకు కొత్తా?

2005లో తెలుగుగంగ కాలువ పని ఆ పొదల్లోకే వచ్చింది. పక్షి అక్కడుందని కాగితం మీద ఉంది కనుక అభ్యంతరం చెప్పగలిగారు, కాలువ దారి మార్చారు. రాసి లేకపోతే ఏం చూపించి అడిగేవాళ్ళు? రేపు మన వైపు కాలువో, గనో, రోడ్డో వస్తే మనం ఏం చూపిస్తాం?

“రాస్తే దొంగవేటగాళ్ళకు దారి చూపినట్టే కదా” అని కొందరంటున్నారు. ఆ భయం నిజమే. అందుకే అరుదైన వాటి చోటు గోడమీద పెట్టొద్దు. ఊరి పెద్దల్ని అడిగి, వాళ్ళు సరేనన్నదే బయటికి ఇవ్వాలి.

తరగతికో నోటుబుక్కు పెడదాం. సెలవులకు ఇంటికి పోయినప్పుడు జీవి పేరు మన ఇంటి భాషలో రాయాలి. ఏ రోజు, ఏ వాగు పక్కన, ఏ పొదలో చూశామో రాయాలి. ఫోను ఉంటే అక్షాంశం, రేఖాంశం కూడా. కళ్ళతో చూసింది వేరుగా, అవ్వా తాతా చెప్పింది వేరుగా రాయాలి. వెతికినా కనపడకపోతే అదీ రాయాలి. ఉందని అబద్ధం రాస్తే రాయకపోవడం కన్నా చెడ్డ.

మా తరగతి నోటుబుక్కు సిద్ధంగా ఉంది. మీ తరగతిలో ఎవరు రాస్తారో వచ్చే సంచికలోపు చెప్పండి.

— 9వ తరగతి విద్యార్థి