డీజిలు బండిలో పెట్రోలు పడిన వేళ

డీజిలుతో నడుచు కారులోనో జీపులోనో పొరపాటున పెట్రోలు పోయుట నేడు అరుదైన సంగతి కాదు. గ్రామమునకు ఒకటి రెండు ఆయిలింజనులు తప్ప వేరు యంత్రము లేని కాలమున ఈ ప్రశ్నయే పుట్టి యుండదు. నేడో, ఒకే రైతు లోగిలిలో డీజిలు ట్రాక్టరు, డీజిలు కారు, పెట్రోలు మోటారు సైకిలు, పెట్రోలుతో నడుచు పిచికారీ యంత్రము కలసి యుండుట సామాన్యమైనది. ఇంధనములు రెండు, డబ్బాలు ఒకే తీరువి, పోయు చేతులు పలువురివి. తప్పు జరుగుటలో వింత లేదు. జరిగిన పిమ్మట మనవారు ప్రవర్తించు తీరే మాకు వింతగ తోచుచున్నది. దానిని గూర్చియే ఈ వ్యాసము.

"పెట్రోలు డీజిలు కంటె ఖరీదైనదే గదా, కొంచెము పడినంత మాత్రమున నేమి?" అనువారు గలరు. ఖరీదునకును దీనికిని సంబంధము లేదు. రెండు ఇంజనుల స్వభావమే వేరు. పెట్రోలు ఇంజనులో ప్లగ్గు నిప్పురవ్వ నిచ్చి ఇంధనమును మండించును. డీజిలు ఇంజనులో రవ్వ లేదు. అందు గాలిని 16 మొదలు 20 వంతుల వరకు కుదించగా అది వందల డిగ్రీల వేడి నెక్కును. ఆ వేడిలో చిమ్మబడిన డీజిలు తనంతట తానే అంటుకొనును. పెట్రోలో, అట్లు తనంతట తాను అంటుకొనకుండునట్లు తయారు చేయబడినది. కావున అది డీజిలు ఇంజనులో పడినపుడు మండవలసిన క్షణమున మండక, వేళ తప్పి మండి, ఇంజను దడదడ కొట్టుకొనుటకును, బలము తగ్గుటకును, తుదకు ఆగిపోవుటకును కారణమగును.

ఇది చిన్న కీడు. పెద్ద కీడు వేరొకటి గలదు. డీజిలు ఇంధనమే గాక కందెన గూడ. నేటి బండ్లలోని ఇంధనపు పంపునకు వేరుగ కందెన పోయుట లేదు. తన గుండా పారు డీజిలే దానికి జిడ్డు. పెట్రోలు జిడ్డును కడిగివేయును. ఇప్పటి డీజిలు కార్లలో ఆ పంపు ఇంధనమును 1600 మొదలు 2000 బారుల ఒత్తిడితో నెట్టును. కారు చక్రములోని గాలి ఒత్తిడికి ఇది ఇంచుమించు 800 నుండి 1000 రెట్లు. అట్టి ఒత్తిడిలో జిడ్డు లేక ఇనుము ఇనుముతో ఒరసికొన్నచో సన్నని రజను పుట్టును. ఆ రజను ఇంజెక్టరులను చేరును. కొంత తిరుగు గొట్టము గుండా మరల ట్యాంకును చేరును. అప్పుడు పంపు ఒక్కటి మార్చిన చాలదు. గొట్టములు, ఇంజెక్టరులు, ట్యాంకు అన్నియు విప్పి చూడవలసి వచ్చును. రైతునకు అది ఒక పంట ఆదాయమును మ్రింగగల వ్యయము.

మా పెద్దల నాటి ఇంజను ఏ నూనె పోసినను నడిచెడిదను మాట అసత్యము కాదు. రుడాల్ఫ్ డీజిలు తన ఇంజనును 1897లో జర్మనీయందలి ఆగ్స్‌బర్గు నగరమున జయప్రదముగ నడిపెను. 1900లో పారిసు ప్రదర్శనమున ఆ జాతి యంత్రమొకటి వేరుసెనగ నూనెతో నడిచినది. అనంతపురపు రైతులకు ఈ వార్త సంతోషము కలిగింపక మానదు. మాకును అట్లే యున్నది. కాని ఆ మోటు యంత్రమునకు చెల్లినది నేటి సున్నితపు యంత్రమునకు చెల్లదు. పాత ట్రాక్టరు కొంత పెట్రోలును సహించి బయటపడవచ్చును; దానిని చూచి కొత్త కారునకు నియమము చేయరాదు. పైగా నేటి పెట్రోలు నాటి పెట్రోలును కాదు. 2025 నాటికి మన దేశమున పెట్రోలులో నూటికి 20 పాళ్ల వరకు ఇథనాలు కలియుచున్నది. చెఱకు నుండియు, మొక్కజొన్న నుండియు, నూకల నుండియు వచ్చు ఆ ఇథనాలు తేమను పీల్చును. కందెన గుణము దానికి లేదు.

కనుక చేయవలసినది ఒక్కటే: తాళపుచెవి త్రిప్పరాదు. ఇంజనును నడుపకున్నను, తాళమును సగము త్రిప్పినంతనే అనేక కార్లలో ట్యాంకులోని విద్యుత్పంపు కదలి ఇంధనమును ముందునకు నెట్టును. పాట వినుటకై గాని, అద్దము దించుటకై గాని త్రిప్పరాదు. గేరు తీసి, నలుగురు కలసి బండిని ప్రక్కకు నెట్టి, మెకానికును పిలిపించి, ట్యాంకును పూర్తిగ ఖాళీ చేయింపవలయును. అంతటితో ఖర్చు ట్యాంకు కడిగిన కూలియు, పోయిన ఇంధనపు వెలయు మాత్రమే. దారిలో తెలిసినచో తెలిసిన చోటనే ఆపవలయును. ఇంటి వరకు పోనిత్తమనుట తగదు. పెట్రోలు బండిలో డీజిలు పడినచో పొగ చిమ్మి, ప్లగ్గులు మసిబారి ఆగిపోవును. నష్టము సామాన్యముగ తక్కువ, చికిత్స మాత్రము అదియే.

తీసివేసిన మిశ్రమమును పారబోయుటకు మనవారికి మనసు రాదు. లాంతరులోనో పొయ్యిలోనో వాడుదుమందురు. పెట్రోలు కలసిన డీజిలు పెట్రోలు వలెనే భగ్గున మండునని వారెరుంగవలయును. దానిని కాలువలోనో చేను గట్టుననో పోయుటయు తగదు. మెకానికు వద్దనే విడిచిపెట్టవలయును.

ఇంకొక క్రొత్త ప్రమాదము రైతు ఇంటనే పొంచియున్నది. 2020 ఏప్రిలు 1వ తేది నుండి అమలైన భారత్ స్టేజి 6 నియమములను బట్టి అనేక డీజిలు బండ్లకు డెఫ్ అను ద్రవము వేరొక చిన్న ట్యాంకులో పోయవలసి యున్నది. అందు నూటికి 32.5 పాళ్లు శుద్ధమైన యూరియా, తక్కినది శుద్ధజలము. డ్రైవర్లు దీనిని యూరియా అనియే పిలుతురు. ఆ మాట విని మన బస్తాలోని యూరియాను నీట కలిపి పోయుదమను ఆలోచన కొందరికి కలుగుచున్నది. పంటకు ఇచ్చు యూరియా 2015 నుండి వేపనూనె పూతతో వచ్చుచున్నది. అది బండిలోని శుద్ధియంత్రమును పాడుచేయును. రాయితీ యూరియాను సేద్యమునకు గాక వేరు పనికి వాడుట నేరము గూడ. ఇక ఆ ద్రవమును పొరపాటున డీజిలు ట్యాంకులోనే పోసినచో స్ఫటికములు కట్టి, లోహము తినబడి, పెట్రోలు కంటెను ఎక్కువ చేటు కలుగును.

ఇప్పుడు ముఖ్యాంశమునకు వత్తము. బంకువద్ద తప్పు ఎట్లు జరుగును? బండి ఆపిన వారు "రెండు వేలకు కొట్టు" అని సొమ్ము చెప్పుదురే గాని ఇంధనము పేరు చెప్పరు. చెవిన ఫోను ఉండనే యుండును. ఒకే పేరుగల కారు పెట్రోలుదియు, డీజిలుదియు గలదు; పైకి చూచి కుర్రవాడెట్లు పోల్చుకొనును? పిడి రంగును నమ్ముట గూడ తగదు. మన బిడ్డలు పెక్కురు విదేశములలో నుండి తమ బండికి తామే ఇంధనము పట్టుకొనుచున్నారు. ఇంగ్లండున ఆకుపచ్చ పిడి పెట్రోలునకు గుర్తు. అమెరికాలో ఆకుపచ్చ పిడి పెక్కు చోట్ల డీజిలుది. కావున నోట పేరు చెప్పుట, మూతపై తెలుగున పెద్ద అక్షరములతో వ్రాయించుకొనుట తప్ప మరొక మార్గము లేదు. ఇంటనున్న డబ్బాలకును ఇట్లే వ్రాయింపుడు.

తప్పు జరిగిన పిమ్మట మన పెద్దమనుష్యులు పలుకు మొదటి మాట, "వాని జీతములో కోయుడు" అని. దీనిని మేము అంగీకరింపము. నెల జీతమంతయు పోవునని భయపడు కుర్రవాడు, తప్పు తెలిసిన క్షణముననే, బండి కదలక పూర్వమే, నోరు విప్పునా? విప్పడు. మౌనముగ డబ్బు లెక్కించును. బండి రెండు మూడు కిలోమీటర్లు పోయి ఆగును. అప్పటికి పంపు పోయినదన్నమాటే. ట్యాంకు కడిగిన కూలితో పోవలసిన నష్టమును పెంచినది పెట్రోలు కాదు, ఆ మౌనము. ఆ మౌనమును పుట్టించినది మన దండన. నిర్లక్ష్యమునకు శిక్ష వలదా యని అడుగుదురు. పదేపదే తప్పు చేయువానిని వేరు పనికి మార్పవచ్చును. "అయ్యా, తాళము త్రిప్పకుడు, తప్పు పోసితిని" అని కేక వేసినవానిని మాత్రము దండింపరాదు; అతడు బండి యజమానికి వేలకొలది రూపాయలు మిగిల్చినవాడు.

2023లో కేంద్ర ప్రభుత్వము ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములకు పెట్రోలు, డీజిలు విక్రయశాలలు నెలకొల్పుకొను అవకాశము నిచ్చినది. అట్టి శాల గల సంఘములును, పెట్టదలచిన సంఘములును రాబోవు మహాజన సభలో ఈ మూడు సంగతులను నిర్ణయించుకొనవలయునని మా అభిప్రాయము. సభ్యుడు ఇంధనము పేరు చెప్పనిదే, పనివాడు దానిని మరల పలుకనిదే గొట్టము ఎత్తరాదు. తప్పు పడినచో ట్యాంకు కడిగించు వ్యయమును సంఘమే భరింపవలయును. దానికై లాభములో కొంత వేరుగ నుంచవలయును. వెంటనే చెప్పిన పనివాని జీతములో ఒక్క రూపాయియు తగ్గింపరాదు. ఈ నిర్ణయమును పలకపై వ్రాసి, పనివారికిని సభ్యులకును కనుపించునట్లు పంపు వద్దనే వ్రేలాడదీయవలయును.