పేరు మఱుగున పోరు

సెప్టెంబరు 17వ తేది సమీపించినప్పుడెల్ల మన పత్రికలలో నొక వివాదము తలయెత్తుట వాడుక యైనది. ఆ దినము విమోచన దినమా, విలీన దినమా, సమైక్యతా దినమా యని పక్షములు పక్షములుగా చీలి వాదించుకొనుచుందురు. 2022లో కేంద్రప్రభుత్వ మొక పేరుతోను, నాటి రాష్ట్రప్రభుత్వము మఱియొక పేరుతోను ఒకే నగరమున, ఒకే దినమున రెండుత్సవములు జరిపినవి. 2024లో రాష్ట్రప్రభుత్వము ప్రజాపాలన దినోత్సవ మని వేఱొక పేరు పెట్టినది. పేరును గూర్చి యింత పట్టుదల గల మనము, ఆ పేరునకు మూలమైన అయిదు దినముల సంగతి నెంతవఱకు ఎఱుగుదుము? దొంకేశ్వరములోగాని, ఆర్మూరులోగాని పఠనమందిరమున కూర్చుండి ప్రతిదినము పత్రికలు తిరుగవేయు పెద్దలను, 1948 సెప్టెంబరు 13న తుంగభద్ర రైలువంతెన వద్ద నేమి జరిగినదని అడిగినచో బదులు చెప్పగలవా రెందఱుందురు? ఇది వారి లోపము కాదు. చెప్పవలసిన పత్రికలు చెప్పలేదు.

ఆనాటి తెల్లవాఱుజామున భారతసైన్యము హైదరాబాదు సంస్థానమున ప్రవేశించెను. 82,000 చదరపు మైళ్లకు మించిన వైశాల్యమును, కోటి అఱువది లక్షల ప్రజయు గల సంస్థాన మది. మేజర్ జనరల్ చౌధురి నాయకత్వమున ప్రధానసేన షోలాపురము వైపునుండి కదలెను. మఱియొక సేన విజయవాడ వైపునుండి వచ్చెను. పడమట నల్దుర్గమువద్ద బోరీ నదిపై వంతెనను ప్రతిపక్షము ప్రేల్చివేయకముందే మన సైనికులు చేజిక్కించుకొనిరి. తూర్పున సూర్యాపేటవద్ద మూసీ వంతెనను నిజాము సేనలు కూల్చి వెనుకకు తగ్గినను, దానిని త్వరితముగా బాగుచేసి ముందునకు సాగిరి. 17వ తేది సాయంకాలమునకు నిజాము ప్రభువు పోరాటము నిలుపుచున్నట్లు రేడియోలో ప్రకటించెను. మఱునాడు సంస్థాన సేనాపతి ఎల్ ఎద్రూస్ చౌధురికి లొంగిపోయెను.

ఈ విజయమున మన మెఱుగవలసిన పేరులు రెండు గలవు. సిఖ్ రెజిమెంటు రెండవ పటాలమునకు చెందిన హవల్దారు బచిత్తర్ సింగ్ మొదటి దినముననే, నల్దుర్గము దారిలో ముందు నడచిన దళమునకు నాయకుడుగా నుండెను. తొడలో గుండు తగిలి పడినను, ప్రాకుచు ముందునకు పోయి, చేతిబాంబులు విసరి, తన దళమును నిలువరించుచున్న మరతుపాకి నోరు మూయించెను. వెనుకకు కొనిపోవుట కంగీకరింపక ప్రాణములు విడిచెను. అదే దినమున తుంగభద్ర రైలువంతెన వద్ద అయిదవ గూర్ఖా రైఫిల్సునకు చెందిన నాయక్ నర్ బహాదుర్ థాపా, గుండ్లవాన కురియుచున్న బయలు దాటి దూకి, ఖుక్రీతో తుపాకి దళముపై బడి, దాని నణచెను. స్వతంత్రభారతము స్థాపించిన అశోకచక్ర ప్రథమశ్రేణి పురస్కారమును పొందిన తొలివారిలో వీ రిరువురును గలరు. మొదటివానికి మరణానంతరము లభించినది. మన నేలమీద, మన నదీతీరమున, మన కొఱకు జరిగిన ఈ కార్యములను మన పిల్లల కెవరు చెప్పుచున్నారు?

ఈ మఱపునకు కారణ మేమి? మా దృష్టిలో ప్రధానకారణము రెండు మాటలలో నున్నది: పోలీసు చర్య. ఢిల్లీ ప్రభుత్వ మాపేరు పెట్టుటకు హేతువు లేకపోలేదు. హైదరాబాదు భారతభూమి నడుమ నున్న సంస్థానము. అందలి శాంతిభద్రతలు భారతప్రభుత్వపు లోపలి వ్యవహార మని మన వాదము. నిజాము ప్రభుత్వము ఐక్యరాజ్యసమితి భద్రతామండలికి మొఱ పెట్టుకొనియుండెను. సెప్టెంబరు 16న ఆ మండలి విచారణకు కూర్చుండెను. అట్టి సమయమున యుద్ధ మను మాట వాడినచో, ఎదుటివాడు పరరాజ్య మని మనమే యొప్పుకొన్నట్లగును. కావున ప్రభుత్వ న్యాయవాది తన కక్షికి మేలగు మాటను ఏరుకొనుటలో తప్పు లేదు.

కాని పత్రిక ప్రభుత్వమునకు వకీలు కాదు. న్యాయస్థానములలో పనిచేయువా రెఱిగిన సూత్ర మొకటి గలదు: దస్తావేజునకు తలమీద వ్రాసిన పేరును బట్టి గాక, లోపల వ్రాసిన షరతులను బట్టియే దాని స్వభావమును నిర్ణయింతురు. క్రయపత్ర మని పేరు పెట్టినంత మాత్రమున తనఖా క్రయము కాజాలదు. ఫిరంగులు, శకటసేనలు, విమానములు, వేలకొలది సైనికులు పాల్గొని, వంతెనలు కూల్చి, కోటలు పట్టి, తుదకు సేనాపతి సేనాపతికి లొంగిన వ్యవహారమునకు లాఠీ చేతబట్టిన జవాను పేరు పెట్టినచో, లోపలి షరతులు చదివినవా డెవ్వడును నమ్మడు. నాటి పత్రికలు లోపలికి చూడక తలమీది పేరునే అచ్చువేసినవి. తరువాతి పత్రికలు పాతపత్రికల నకలు వ్రాసినవి. డెబ్బది అయిదేండ్లు దాటినను ఆ నకలు కొనసాగుచునే యున్నది.

దీని ఫలితము చూడుడు. శత్రువు సమక్షమున చూపిన పరాక్రమమునకు పరమవీరచక్రము. శత్రువు నెదుట గాక అన్యసందర్భములలో చూపిన పరాక్రమమునకు అశోకచక్రము. ఇది మన పురస్కారముల నియమము. మరతుపాకి కెదురేగి మరణించిన హవల్దారునకు రెండవ జాబితాలో స్థానము దొరకినది. అశోకచక్రము తక్కువ గౌరవ మని మా భావము కాదు. కాని తొడలో దిగిన గుండునకు, అది యుద్ధమో పోలీసు చర్యయో తెలియదు. కాగితముమీది మాట యొకటి నెత్తురు చిందిన వాని కథను ఏ పుటలో చేర్చవలెనో, ఏ పుటనుండి తీసివేయవలెనో నిర్ణయింపగలదని దీనివలన తేటపడుచున్నది.

మనవారి దోష మిట్లుండగా, ఇతరుల దోష మంతకు తక్కువది కాదు. బ్రిటనులోని పత్రికలు కొన్ని దీనిని బలవంతుడు బలహీనునిపై బడిన దండయాత్రగా వర్ణించినవి. కరాచీనుండి సిడ్నీ కాటన్ అను ఆస్ట్రేలియా వైమానికుడు రాత్రివేళల ఆయుధములు చేరవేసిన సంగతియు, 1948 ఆగస్టు 27న భైరానుపల్లెలో రజాకార్లు గ్రామస్థులను కాల్చిచంపిన సంగతియు ఆ వర్ణనలలో నెంత చోటు సంపాదించుకొన్నవి? సంస్థానములోపలి స్థితి మఱియు దుర్భరము. సభ జరుపుటకే గస్తీ నిషాన్ 53 క్రింద అనుమతి కావలసిన దేశమున స్వేచ్ఛగా వార్త వ్రాయు టెట్లు? 1937లో మన ఇందూరున జరిగిన ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించిన మందుముల నరసింగరావుగారు 'రయ్యత్' అను ఉర్దూ పత్రికను నడపి ప్రభుత్వాగ్రహమునకు గురియైరి. ఆ పత్రికలో పనిచేసిన షోయబుల్లాఖాన్ పిదప 'ఇమ్రోజ్' స్థాపించి, సంస్థానము భారతమున చేరవలె నని నిర్భయముగా వ్రాసెను. 1948 ఆగస్టు 22న ఆయనను హైదరాబాదు వీథిలో చంపిరి; వ్రాసిన చేతిని నఱికిరి. పత్రికారచయితల చేతులు తెగిన చోట ప్రగల్భములే వార్త లగును. ఎఱ్ఱకోటపై ఆసఫ్‌జాహీ పతాక మెగురునని విన్న ప్రజలు, అయిదు దినములలో అంతయు ముగిసినప్పుడు దిగ్భ్రాంతి చెందుటలో వింత యేమున్నది?

ఇంతటితో మేము నిలిపినచో మేమును పక్షపాతులమే యగుదుము. ఇల్లలుకగానే పండుగ కాదు. ఆ విజయము వెనుక మఱియొక మఱుగు గలదు. సేనలు ముందునకు సాగిన తరువాత సంస్థానమున పలుచోట్ల ముస్లిము ప్రజలపై హత్యలు, దోపిడులు జరిగినవి. ప్రధాని నెహ్రూ పంపిన పండిత సుందరలాల్ బృంద మాప్రాంతములు తిరిగి నివేదిక సమర్పించెను. 27,000 మొదలు 40,000 వఱకు ప్రాణనష్టము కలిగియుండునని వా రంచనా వేసిరి. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలు మిక్కిలి నష్టపడినవని తెలిపిరి. కొన్నిచోట్ల సైనికులును పోలీసులును అకృత్యములలో పాల్గొనిరనియు, మఱికొన్నిచోట్ల సైన్యమే ముస్లిములను కాపాడినదనియు రెండును వ్రాసిరి. ఆ నివేదికను ప్రభుత్వము ప్రకటింపలేదు. 2013 ప్రాంతమున గాని అది సామాన్య పాఠకులకు అందుబాటులోనికి రాలేదు. దాచిన దేమి? దోషమును మాత్రమే కాదు. ఆపదలో నున్నవారిని కాపాడిన సైనికుని పుణ్యమును గూడ దాచిరి. పోలీసు చర్య యను మాట విన్నవాని కందు వీరమరణములును కనబడవు, వేలకొలది శవములును కనబడవు. జయమును, దుఃఖమును ఒకే తెర కప్పివేసినది.

ఇది పాతకథ యని త్రోసివేయుటకు వీలులేదు. 2025 మే 7న ఆపరేషన్ సిందూర్ ఆరంభమైనది. మఱునాటి రాత్రి కరాచీ రేవు ధ్వంసమైన దని మన టెలివిజను వార్తాసంస్థలు కొన్ని ఘోషించినవి. అది నిజము కాదు. లేని జయమును చాటుటవలన దేశమునకు మేలు చేసితి మని వారనుకొనియుండవచ్చును. కాని దొంగనాణెము చెలామణియైన సంతలో మంచినాణెమును గూడ మ్రోగించి చూతురు. మన సైనికులు నిజముగా సాధించిన దానిని లోకము శంకించుట కా రాత్రి కూతలే ఆధారములైనవి. జయమును మఱచుట యొక ద్రోహమైనచో, లేని జయమును కల్పించుట అంతకు మించిన ద్రోహము.

దీనికి భిన్నమైన మార్గము మన తెలుగు తీరమునందే గలదు. 1971 డిసెంబరు 3వ తేది నడిరాత్రి దాటిన పిదప విశాఖపట్టణపు రేవు వెలుపల గాజీ అను పాకిస్తాను జలాంతర్గామి మునిగిపోయెను. ప్రేలుడు నగరవాసులకు వినబడెను. మత్స్యకారులకు శకలములు దొరకెను. అయినను మన నౌకాదళము తొందరపడలేదు. గజయీతగాండ్రను దింపి, సాక్ష్యము చేతికందిన పిదప, 9వ తేదిని లోకమునకు ప్రకటించెను. మన రాజపుత్ నౌక విడిచిన బాంబులవలన అది మునిగెనా, లోపలి మందుగుండు ప్రేలి మునిగెనా యను వాదము నేటికిని తెగలేదు. కాని గాజీ మునిగిన దనుమాటను ఎదిరిపక్షమువారును కాదనలేకపోయిరి. అయిదాఱు దినముల ఓర్పు ఆ వార్తకు చిరకాలపు బలము నిచ్చినది.

కావున పత్రికలకు మా మనవి యిది. రానున్న సెప్టెంబరు 17న ఏ పేరుతో నుత్సవము జరిగినను, బచిత్తర్ సింగ్, నర్ బహాదుర్ థాపా, షోయబుల్లాఖాన్ పేరులు మొదటి పుటలో నుండవలెను. సుందరలాల్ నివేదికలోని సారాంశమును అదే పుటలో ప్రకటింపవలెను. ఒకటి అచ్చువేసి రెండవదాని దాచువారు వార్త నమ్ముచున్నట్లు కాదు, పక్షమును అమ్ముచున్నట్లు. జిల్లా గ్రంథాలయములవారు ఆ అయిదు దినముల చరిత్రను తెలుగులో నొక్కచోట చేర్చి గ్రామగ్రామమునకు పంపవలెను.

పాఠకులకును మాకొక మనవి గలదు. మన ప్రాంతపు రైతునకు వేఱుగా చెప్పవలసిన పనిలేదు: పసుపు కొమ్మును పైరంగు చూచి ఎవ్వరును కొనరు, పుటుక్కున విఱిచి, లోపలి వన్నె చూచి ధర కట్టుదురు. యుద్ధకాలపు వార్తను గూడ నట్లే విఱిచి చూడవలెను. ఎవరు చెప్పిరి, ఏ పేరు పెట్టిరి, ఆ పేరువలన ఎవరి పరాక్రమము, ఎవరి కన్నీరు మఱుగుపడినవి అని అడుగవలెను. అట్లడుగు పాఠకు లున్న ఊరిలో ఏ పత్రికయు చిరకాలము బొంకజాలదు.