కోరంగి మడయడవియు మన బడిచదువును

కాకినాడకు దక్షిణముగా, గౌతమి పాయలు సముద్రమును గలియు తావున, కోరంగి మడయడవులు వ్యాపించియున్నవి. పట్టణమునుండి గంటసేపు ప్రయాణము చేసిన చేరవచ్చును. ఆ పట్టణపు పాఠశాలలలోనే అడవులవలని లాభములను గూర్చిన పాఠమును బాలబాలికలు ఏటేట వల్లెవేయుచున్నారు. వానలు కురియును, గాలి శుభ్రపడును, నేల కోతపడదు, కలప దొరకును. వాక్యమునకొక మార్కు. ఆ యడవిని కన్నులార జూచినవారెందఱని తరగతిలో నడిగినచో లేచు చేతులను వ్రేళ్లపై లెక్కింపవచ్చునేమో యని మా శంక.

ఇందులకు శాసనము లేదని సాకు చెప్ప వీలులేదు. పర్యావరణమును పాఠశాలలలో నిర్బంధముగా బోధింపవలెనని సర్వోన్నత న్యాయస్థానము 1991 లోనే యాజ్ఞాపించినది. ఆ యాజ్ఞ యమలుకై 2003 లో మరల నుత్తరువు చేసినది. పుస్తకములు వచ్చినవి, ప్రశ్నపత్రములు వచ్చినవి. ప్రకృతి మానవునకు జేయు నుపకారములను నాలుగు తెగలుగా విభజించి చూపిన ప్రపంచ శాస్త్రజ్ఞుల నివేదిక 2005 లో వెలువడినది. తిండియు కట్టెయు వంటి వస్తువులొక తెగ. వరదను, గాలిని, వేడిని అదుపునందుంచుట యొక తెగ. మనస్సునకును ఆచారములకును సంబంధించినది వేరొకటి. వీనికన్నిటికి మూలమైన మన్నుపుట్టుకవంటివి నాలుగవది. విభాగమందు దోషములేదు. కాని యీ పట్టికను తప్పులేక యప్పగించిన విద్యార్థి రేపు మడచెట్లను జూచి, ఈ బురదలో నీ తుప్పలేలయని యడిగినచో మనము వానికి నేర్పినదేమి?

మడయడవి చూడ సొంపైనది కాదు. మోకాటిలోతు బురద, దోమలు, కుళ్లువాసన. అయినను ప్రకృతిశాస్త్రమునకు గోదావరి సీమలో నింతకంటె మంచి ప్రయోగశాలను మే మెఱుగము. తెల్లమడ యాకును నాలుకపై నుంచినచో ఉప్పు తగులును. వేళ్లను దాటి లోనికి వచ్చిన యుప్పును ఆ చెట్టు ఆకులలోని గ్రంథులద్వారా బయటకు నెట్టివేయుచుండును. (ఏ యాకును బడితే ఆ యాకును నాలుకకు దగిలింపరాదు సుమా! తిల్లచెట్టు పాలు కంటబడినచో చూపునకే ముప్పు. ఈ మెలకువ ఉపాధ్యాయునకు ముందుగా దెలిసియుండవలెను.) బురదలో గాలియాడదు గనుక మడవేళ్లు పెన్సిలు ముక్కలవలె నేలను చీల్చుకొని పైకి వచ్చి ఊపిరి పీల్చును. పొన్నజాతి చెట్టున కాయ తల్లికొమ్మనుండగనే మొలకెత్తి, పిదప క్రిందికి రాలి నాటుకొనును, లేదా నీటిపై దేలిపోయి వేఱొక తీరమున దిగును. రాలిన ఆకులు కుళ్లి పురుగులకు, పురుగులు రొయ్యపిల్లకు, రొయ్యపిల్ల చేపకు ఆహారమగుచున్నవి. రొయ్యయు, మండపీతయు, పండుగప్పయు పసితనమున తలదాచుకొనునది యీ వేళ్లసందులలోనే. గాలిలోని బొగ్గుపులుసునుండి చెట్లు గ్రహించిన కర్బనము వందలయేండ్లు నిలువయుండునదియు ఈ బురదలోనే. కాకినాడ బజారులో తట్టలోనున్న పీతకు మనమిచ్చు వెల జాలరి శ్రమకు మాత్రమే చెల్లుచున్నది. దానిని పెంచిన యడవికి దమ్మిడియు ముట్టుట లేదు. ఇది బోధపడుటకు ఒకపూట పోటునకును ఒకపూట పాటునకును అచ్చట నిలువబడిన జాలును.

ఉప్పెన విషయమున మాత్రము ఉపాధ్యాయులు జాగరూకులై యుండవలెను. మడలు తుపానులను ఆపునని పిల్లలచే వ్రాయించుట కలదు. అది అర్ధసత్యము. ఒకప్పుడు ఓడలు కట్టిన కోరంగి రేవు 1839 నవంబరు నాటి యుప్పెనతో నాశమై మరల తలయెత్తలేదు. దివిసీమను 1977 నవంబరు 19 న ముంచిన యుప్పెనలో సుమారు 10,000 మంది మరణించిరి. అంతటి నీటిగోడను చెట్లు నిలువరించునని చెప్పుట బాలురను మోసగించుటయే. మఱి నిజమేమి? ఒడిషాలో 1999 అక్టోబరు 29 నాటి పెనుతుపాను తరువాత, కేంద్రపడా జిల్లాలో గ్రామగ్రామపు మరణములను పరిశీలించి 2009 లో ప్రకటించిన పరిశోధనయొకటి గలదు. సముద్రమునకును తమకును నడుమ వెడల్పైన మడయడవి గల గ్రామములలో చావులు తక్కువగా నుండెనని అందు దేలినది. ఆ పరిశోధనయే మఱియొక మాటయు జెప్పినది: ప్రభుత్వము ముందుగా జేసిన హెచ్చరికవలన దక్కిన ప్రాణములు మడలవలన దక్కినవానికంటె నెక్కువ. మొదటి మాటను పోస్టరుపై వ్రాసి రెండవదానిని దాచువారు అడవికి మేలు చేయుచున్నామని భ్రమపడుచున్నారు. రేపొక గాలివానలో మడలవెనుకనున్న పల్లెయు మునిగినచో, ఆ పిల్లలు చెప్పినదంతయు కల్లయని తలంపరా?

పుస్తకములలో ప్రజలకు లాభమని వ్రాసియుండును. ఏ ప్రజలకు? పలనాటి రైతులు 1921 లో అడవిని పశువులను మేపుకొనుటకు పుల్లరి చెల్లింపమని తిరుగబడినప్పుడును, మఱుసటి యేట కన్నెగంటి హనుమంతు తుపాకిగుండ్లకు బలియైనప్పుడును వివాదము ఈ ప్రశ్నపైననే. దొరతనమువారికి అడవి రాబడి, రైతునకు పశుగ్రాసము. నేడు దొరలు లేరు, ప్రశ్న యున్నది. కోరంగి 1978 లో అభయారణ్యమైనది. వంటచెఱకునకై మడలపై నాధారపడిన పల్లెవారికి దానివలన ఇబ్బంది కలుగలేదని యెవరనగలరు? 2020 లో కాకినాడ శివారున మడనేలను చదునుచేసి పేదలకు ఇండ్లస్థలములుగా నీయ సంకల్పించినప్పుడు తగవు న్యాయస్థానములదాక పోయినది. పేదకు ఇల్లు వలదనువారము మేము కాము. అయితే ఉప్పునీరు పొంగి వచ్చుచోట, ఉప్పెనకు వాకిలివంటిచోట, వానికి స్థలము చూపుట దయయేనా? ఈ తగవునకు గల యిరుప్రక్కల వాదములను పదవతరగతి పిల్లలచే వాదింపజేసిన ఉపాధ్యాయుడు వారికి గొప్ప యుపకారము చేసినవాడగును. పై యధికారులు కొందఱు కనుబొమలు ముడువవచ్చును. ముడువనిండు.

గాంధీమహాత్ముడు 1937 లో వార్ధాయందు ప్రతిపాదించిన విద్యావిధానము చేతిపనిని చదువునకు కేంద్రముగా జేసెను. దానిని మనము పొగడి ప్రక్కనబెట్టితిమి. మడనేలలలో దానికి దగిన పని సిద్ధముగా నున్నది. పూర్వము మడలను మొదలంట నఱికినచోట్ల నేల యెండి, అణగి, పళ్లెమువలె గుంటపడినది. పోటునీరు అందు జేరి తిరిగి పోలేక, ఎండకు ఇగిరి, ఉప్పు పేరుకొని, మొక్క మొలవకుండెను. స్వామినాథన్ పరిశోధన సంస్థవారు పల్లెవారితో గలసి అట్టి నేలలలో చేపముల్లు ఆకారమున కాలువలు త్రవ్వి, పోటుపాటులకు దారి కల్పించి, మడలను మరల బెంచిరి. ఇట్టి కాలువలు పూడుకొనుచుండును. పూడికదీయుట ఎడతెగని పని. అటవీశాఖవారి యనుమతితో ఒక్కొక్క పాఠశాల ఒక్కొక్క కాలువను దత్తు దీసికొని పిల్లలచే నీటిలోని యుప్పును కొలిపించి, మొలకలను లెక్కింపించి, ఆ లెక్కలను ఏటికేడు తరగతినుండి తరగతికి అప్పగించుచు వచ్చినచో, పదియేండ్లలో ఏ పుస్తకమందును లేని యొక గ్రంథము ఆ బడిలో తయారగును.

బోధకుడు పట్టభద్రుడే కానక్కరలేదు. ఏ తిథికి పోటెంత వచ్చునో చెప్పగల ముసలి జాలరియు, బురదలో బెజ్జమును జూచి లోపల పీత యున్నదో లేదో చెప్పగల జాలరి స్త్రీయు ఆ దినమునకు గురువులు. వారిని పిలిచి కుర్చీ వేసి కూర్చుండబెట్టి మాటాడించుట మన బడులకు ఇంకను అలవాటు కాలేదు. తరగతికొక బాడుగ పడవ, ఇద్దఱు జాలరులకు దినకూలి, పిల్లలకు మధ్యాహ్నపు అన్నము: ఖర్చింతే. జూన్ 5 న, చాలచోట్ల బడులు తెఱవకమునుపే, పర్యావరణ దినోత్సవమని ఊరేగింపులకును బ్యానర్లకును వెచ్చించు సొమ్ములో ఈ పడవ బాడుగ సులభముగా ఇమిడిపోవును.