పురుడు పుట్టింట్లో, పేరు అత్తగారి ఊళ్లో

నిజాంపట్నం మండలం అడవులదీవిలో నొప్పులు మొదలైతే ఇప్పుడు మంత్రసానికి కబురు వెళ్లదు, 108కి ఫోను వెళ్తుంది. రేపల్లెకో బాపట్లకో తీసుకెళ్తారు, కాన్పు కష్టమనిపిస్తే తెనాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికే ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం కాన్పులు ఆసుపత్రుల్లో జరిగాయి. ఇంత మార్పు తెచ్చినవాళ్లకు దండం పెట్టాల్సిందే. అయితే బాలింతకు జ్వరం, కుట్లలో చీము, పసికందు రక్తంలో చేరే ఇన్ఫెక్షన్ చాలాసార్లు ఆసుపత్రిలో ఉన్న ఆ కొద్దిరోజుల్లో బయటపడవు. తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ ఇంటి ముందు దింపి వెళ్లాక, నాలుగో రోజో పదో రోజో మొదలవుతాయి. ఆ రోజున ఆ గడప తొక్కే ఆరోగ్య కార్యకర్త ఎవరో తేలకపోవడమే నన్ను కలవరపెడుతోంది.

తొలి కాన్పు మనకు పుట్టింటి బాధ్యత. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో అమ్మాయిని తెచ్చుకుంటారు, బిడ్డకు మూడో నెలో ఐదో నెలో వచ్చేదాకా పంపరు. మంచి ఆచారం. అమ్మ చేతి పథ్యం, కంటినిండా నిద్ర ఆ పిల్లకు ఎంతో అవసరం. కానీ గర్భిణిగా ఆమె పేరు రాసుకున్నది అత్తగారి ఊరి ఏఎన్‌ఎం. ఆ ఊరి ఆశాకు ఆమె కంటికి కనపడదు. పుట్టింటి ఊరి ఆశాకు ఆమె తన లెక్కలోది అనిపించదు. చుట్టపుచూపుగా వచ్చిన పిల్లగానే చూస్తారు తప్ప, పచ్చి బాలింతగా ఎవరి పుస్తకంలోనూ ఉండదు.

నిబంధన ఏం చెబుతోందో చూడండి. 2011 నుంచి దేశమంతటా అమలవుతున్న పథకం ప్రకారం, ఆసుపత్రిలో పుట్టిన ప్రతి బిడ్డ ఇంటికీ 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆశా వెళ్లాలి. బిడ్డను తూచాలి, థర్మామీటరు పెట్టాలి, బొడ్డు చుట్టూ ఎర్రబడిందేమో చూడాలి. తల్లికి జ్వరం ఉందా, మైల దుర్వాసన వస్తోందా, కుట్లు తడిగా ఉన్నాయా అని అడగాలి. తెలంగాణ సరిహద్దునే ఉన్న గడ్చిరోలిలో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు చేసి చూపించిన పని నుంచే ఈ పథకం వచ్చింది. 39 గ్రామాల్లో, పెద్దగా చదువుకోని ఊరి ఆడవాళ్లకే పసిబిడ్డ ఊపిరి లెక్కపెట్టడం, జబ్బు గుర్తుపట్టడం, జెంటామైసిన్ సూది వేయడం నేర్పారు. పొరుగు గ్రామాలతో పోలిస్తే నెలలోపు పిల్లల మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. ఆ ఊళ్లలో కొత్తగా ఆసుపత్రి కట్టలేదు. పురిటింటి తలుపు తట్టే మనిషి దొరికింది, ఆమె చేతిలో మందు ఉంది.

మనవాళ్ల చేతిలో మందుందా? దగ్గర్లో ఆసుపత్రికి చేర్చే వీలు లేనప్పుడు, ఏఎన్‌ఎం పసికందుకు జెంటామైసిన్ సూది, అమాక్సిసిలిన్ సిరప్ ఇవ్వవచ్చని 2014లో కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. ప్రతి విలేజ్ క్లినిక్ అలమారలో ఆ రెండూ ఉన్నాయో లేదో బాపట్ల జిల్లా వైద్యాధికారులు స్వయంగా తెరిచి చూడాలి. తుపాను రాత్రి నిజాంపట్నం రోడ్డు మీద అంబులెన్సు నడవకపోతే ఆ సీసాయే దిక్కు.

ఆసుపత్రి కాన్పులతో పాటు కోతలూ పెరిగాయి. అదే సర్వేలో మన రాష్ట్రంలో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లు, తెలంగాణలో 60.7 శాతం. కోత ఉన్నచోట చీముకు దారి ఉంటుంది. కోతకు ముందే ఒక్క డోసు యాంటీబయాటిక్ పడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ డోసు మరిచి, తర్వాత వారం రోజులు మాత్రలు మింగిస్తే మందులకు లొంగని సూక్ష్మజీవుల్ని మనమే పెంచినట్టు. మామూలు కాన్పుల విషయంలో 2023లో మంచి కబురు వచ్చింది. మన బెళగావి, నాగపూర్‌లతో పాటు మొత్తం 7 దేశాల్లో 29 వేలకు పైగా తల్లులపై జరిగిన పరీక్షలో, నొప్పుల సమయంలో ఒక్కసారి 2 గ్రాముల అజిత్రోమైసిన్ ఇస్తే తల్లికి సెప్సిస్ రావడమో ప్రాణం పోవడమో 2.4 శాతం నుంచి 1.6 శాతానికి తగ్గింది. బిడ్డకు మాత్రం ఆ మాత్ర రక్షణ ఇవ్వలేదు.

బిడ్డకు రక్షణ ముర్రుపాలు, తల్లి ఒంటి వెచ్చదనం, ఏమీ పూయని పొడి బొడ్డు, కడిగిన చేతులు. చేతులు కడిగితే బాలింత జ్వరాలు తగ్గుతాయని వియన్నాలో సెమ్మెల్‌వైస్ 1847లోనే నిరూపించాడు. మన తీరంలో చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పు. సబ్బు నురగ రాదు, కొనుక్కున్న టిన్ను నీళ్లు తాగడానికే సరిపోతాయి. పురుడున్న ఇంటికి మంచినీళ్లు అందించడం కూడా వైద్యమేనని పంచాయతీ గుర్తించాలి.

చేయలేమన్న మాట మన రాష్ట్రం అనకూడదు. కొడవలితో బొడ్డు కోసి, కోసినచోట బూడిదో పేడో అద్దిన రోజులు దాటి, పురిటి ధనుర్వాతాన్ని దేశంలో మొట్టమొదట నిర్మూలించిన రాష్ట్రం ఆంధ్రప్రదేశే, 2003లో. దేశం మొత్తానికి ఆ గుర్తింపు రావడానికి 2015 దాకా పట్టింది. ఊరూరా గర్భిణుల్ని వెతికి టీటీ సూదులు వేసిన ఏఎన్‌ఎంల చలవ అది. ఇప్పుడు వెతకాల్సింది బాలింతల్ని. రిజిస్టర్ ఏ ఊళ్లో ఉన్నా, ఆ రాత్రి ఏ ఊళ్లో పడుకుంటే ఆ ఊరి ఆశాదే ఆమె బాధ్యత అని జిల్లా ఒక్క ఉత్తర్వు ఇస్తే చాలు.

ఉత్తర్వు వచ్చేదాకా ఆగకండి. కూతుర్ని పురిటికి తెచ్చుకున్న రోజే మీ ఊరి ఆశాను ఇంటికి పిలిచి పేరు రాయించండి. బిడ్డ ఉన్నట్టుండి రొమ్ము పట్టడం మానేసినా, డొక్కలెగరేస్తున్నా, ఒళ్లు చల్లబడినా, కాలిపోతున్నా దిష్టి అనుకోవద్దు, తెల్లారాక చూద్దామనీ అనొద్దు. బాలింతకు జ్వరం 100.4 డిగ్రీలు దాటినా అంతే. ఆర్‌ఎంపీ దగ్గర ఆగకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి.