అన్నం రాశి ముందు అమ్మ

దసరా అనగానే సీమలో అందరి చూపూ ప్రొద్దుటూరు మీదికే పోతుంది. అక్కడి వాసవీ కన్యకాపరమేశ్వరి అమ్మవారి ఉత్సవాల వైభవానికే ఆ ఊరిని రెండో మైసూరు అంటారు. ఆ ముచ్చట లోపలి పేజీల్లో ఉంది. నా మనసు మాత్రం పాత కర్నూలు జిల్లాలోని శ్రీశైలంలో, భ్రమరాంబ కుంభోత్సవం దగ్గర ఆగింది.

చైత్ర పౌర్ణమి తర్వాత వచ్చే మంగళవారమో శుక్రవారమో, ఏది ముందైతే ఆ రోజు, అమ్మవారికి ఎదురుగా వండిన అన్నం రాశి పోస్తారు. గుమ్మడికాయలు, కొబ్బరికాయలు, నిమ్మకాయలు సాత్విక బలిగా ఇస్తారు. ఒకప్పుడు జంతుబలి జరిగిన చోటు ఇది. నేడు అక్కడ కనిపించే ఎరుపు, కోసిన కాయలకు అద్దిన కుంకుమదే. సాయంత్రం స్త్రీ వేషం కట్టిన పురుషుడు అమ్మవారికి కుంభహారతి ఇస్తాడు. అమ్మ ముందుకు రావాలంటే మగవాడు తన మగతనాన్ని గుడి బయటే వదిలి రావాలన్నదే ఆ వేషానికి అర్థమని నా నమ్మకం.

ఇక ఆ అన్నం రాశి. కొర్రన్నం, సంకటి తిని బతికిన నేల మాది. మా అవ్వల కాలంలో వరి అన్నం పండగనాడే కళ్లబడిన ఇళ్లు ఎన్నో. అలాంటి చోట, మండుటెండల్లో, వానకూ విత్తుకూ ఇంకా ముందే, ఉన్నదంతా అమ్మ ముందు కుమ్మరిస్తున్నాం. వాన మన చేతిలో లేదు. అన్నం వండి పెట్టడం మన చేతిలో ఉంది.

మీ ఊరి గంగమ్మకు, సుంకులమ్మకు, మారెమ్మకు మీరేం వండి పెడతారో మాకు రాయండి. వచ్చే సంచికలో వాటికి చోటు ఉంచాం.